రిబ్బన్ కట్ చేసినాం గానీ మెంబ్రేన్‌కు డబ్బులు పెట్టలేదు

పోయిన సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు మా వాటర్ ప్లాంటు షెడ్డు షట్టర్ ఎత్తి చూస్తే లోపల బుడ్డల (వేరుశనగ) మూటలున్నాయి. ఇరవై పైనే. మిషన్ స్టాండు మీద ఎవరిదో దుప్పటి ఆరేసినారు, శాండ్ ఫిల్టర్ సిలిండర్‌కు రెండు గడ్డపారలు ఆనించినారు, మూల్లో ఓ పాత సైకిల్ చక్రం. బయట గోడకు ఫ్లెక్సీ మాత్రం అట్లే ఉంది, ఎండకు రంగులు పోయి మా పదకొండు మంది ముఖాలూ నీలంగా తిరిగినాయి, నా మీసం సగమే మిగిలింది. కింద "దాతల సహకారంతో" అనే అక్షరాలు మాత్రం చెక్కు చెదరలేదు.

ఇంటికొస్తే మా జేజి నవ్వుతా అడిగింది, "ఏం నాయనా, మీ మిషన్లో నీళ్ళు పోయి ఇప్పుడు బుడ్డలొస్తాండాయంట గదా?" ఆమెకు ఎనబై దాటినాయి, మోకాళ్ళు వంగవు, మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాల, నోరు మాత్రం బాగా పనిచేస్తాది. నాకు ఆ పూట ఓళిగ గొంతు దిగలేదు. ఈ పోస్టు ఆమెకు చెప్పలేకపోయిన జవాబు అనుకోండి.

మాది కళ్యాణదుర్గం వైపు ఊరు. నేను అనంతపురం టౌన్లో ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తా. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే కింద చదివేటప్పుడు "కెమిస్ట్రీ చెప్పేవాడికి ఈ మాత్రం తెలియదా" అని మీకు అనిపిస్తుంది, తెలియకపోలేదు, తట్టలేదు, రెండింటికీ తేడా ఉంది.

2018 ఎండాకాలంలో మా టెన్త్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఎవడో ఊరి బోరింగు దగ్గర బిందెల వరస ఫోటో పెట్టినాడు. అంతే, బెంగళూరు వాళ్ళు, హైదరాబాద్ వాళ్ళు, కువైట్‌లో ఉండే ఒకడు, అందరికీ ఒక్కసారిగా ఊరు గుర్తొచ్చింది. నెల తిరక్కుండానే నాలుగు లక్షల అరవై వేలు పోగైనాయి. ఊరికి ఏం చెయ్యాల అనే చర్చే రాలేదు, ఆర్ఓ ప్లాంటే అని అందరి నోట్లోంచీ ఒకేసారి వచ్చింది, ఎందుకంటే పక్క ఊర్లో ఉంది కాబట్టి. ఆర్ఓ అంటే బోరు నీళ్ళను ఒత్తిడితో ఒక సన్న పొర గుండా తోసి ఉప్పులు వడగట్టే మిషన్, ఆ పొరే మెంబ్రేన్.

అవసరం లేదని కాదు. అనంతపురం అంటే ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన, రాజస్థాన్‌లో జైసల్మేర్ తర్వాత దేశంలో మనదే అని చిన్నప్పటి నుంచి పాఠంలా వింటానే ఉన్నాం. వాన లేకపోతే బోరు, బోరు ఎండితే ఇంకా లోతు బోరు. మా నాయన కాలంలో రెండొందల అడుగులకు పడిన నీళ్ళు ఇప్పుడు ఎనిమిదొందలకు పోయినా పడతాయో లేదో తెలియదు. లోతుకు పోయేకొద్దీ నీళ్ళు పాతవి, అంటే గ్రానైటు రాళ్ళ సందుల్లో ఏండ్ల తరబడి నిలబడిపోయిన నీళ్ళు, ఆ రాళ్ళల్లో ఉండే ఫ్లోరైడ్ నెమ్మదిగా నీళ్ళల్లోకి కరుగుతుంది. నీళ్ళల్లో కాల్షియం ఎక్కువుంటే అది ఫ్లోరైడ్‌ను కొంత పట్టుకుంటుంది, మన వైపు శానా బోర్లల్లో సోడియం, బైకార్బొనేట్ ఎక్కువ, కాల్షియం తక్కువ, కాబట్టి ఫ్లోరైడ్‌కు అడ్డు లేదు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉండాల, వేరే దారే లేనప్పుడు 1.5 దాకా ఓర్చుకోవచ్చు అని మన ఇండియన్ స్టాండర్డ్ చెప్తుంది. మా ఊరి బోరు నీళ్ళు కాలేజీ ల్యాబ్‌లో చూస్తే 3.4 వచ్చింది. ఫ్లోరైడ్ ఎక్కువైతే దెబ్బతినేది ఎముకలు, పండ్లే, జేజి మోకాళ్ళ సంగతి, మా తరం వాళ్ళ గారబట్టిన పండ్ల సంగతి ఇంగ వేరే చెప్పక్కర్లేదు. ఇదేం కొత్త జబ్బు కూడా కాదు, 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో డాక్టర్లు దీన్ని గుర్తించి రాసినారు, మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి మొదట రాసింది తెలుగు నేల మీదనే.

మా జేజి ఎవరో చెప్పినారని కొన్నాళ్ళు నీళ్ళు బాగా కాచి తాగింది. కాస్తే సూక్ష్మజీవులు చస్తాయి, ఫ్లోరైడ్ చావదు, ఆవిరిగా పోయేది నీళ్ళే కాబట్టి మిగిలిన దాంట్లో రోంత చిక్కబడుతుంది కూడా. ఆమెకు ఈ మాట చెప్పేదానికి నాకు ఆర్నెల్లు పట్టింది, చెప్తే "ఇన్ని రోజులు యాడ పోయినావు మరి" అనింది.

సరే, ప్లాంటు. ఓపెనింగ్ బ్రహ్మాండంగా చేసినాం. షామియానా, మైకు సెట్టు, ఊరంతటికీ భోజనాలు, శాలువాలు, ఫ్లెక్సీలు అన్నీ కలిపి ముప్పై ఎనిమిది వేలు అయింది. అప్పట్లో మా ప్లాంటుకు వాడే మెంబ్రేన్ ఒక్కోటి పదహైదు వేల చిల్లర. అంటే రెండు మెంబ్రేన్లు ఆరోజు విస్తరాకుల్లో తినేసినాం. ఎవడూ లెక్క ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు, చికెన్ బాగుందని మాత్రం అన్నాను.

రేటు సంగతికొస్తే, 2014 అక్టోబర్ 2న అప్పటి ప్రభుత్వం ఎన్టీఆర్ సుజల స్రవంతి అని మొదలుపెట్టి 20 లీటర్లు 2 రూపాయలకు ఇస్తామని చెప్పింది, జనం నోట్లో ఆ రెండు రూపాయల మాట నిలబడిపోయింది. మనం సేవ చేస్తూ అంతకన్నా ఎక్కువ తీసుకుంటే ఊర్లో ఏమనుకుంటారు అని మేమూ క్యాను రెండు రూపాయలే పెట్టినాం. రోజుకు నూటిరవై క్యాన్లు పోతాయి. అంటే రెండొందల నలబై, నెలకు ఏడు వేల రెండొందలు. ఆపరేటర్ పిల్లోడికి ఐదు వేలు, కరెంటు మూడు వేల రెండొందలు, కాట్రిడ్జ్ ఫిల్టర్లు, మందు అన్నీ కలిపి ఎనిమిదొందలు. తొమ్మిది వేలు. నెల నెలా పద్దెనిమిదొందలు లోటు, మొదటి రోజు నుంచే. ఈ లెక్కలో మెంబ్రేన్ ఇంకా రాలేదు చూడండి, మోటారు కాలితే అనేది కూడా రాలేదు. ఐదో తరగతి పిల్లోడు వేసే లెక్క ఇది, పదకొండు మందిలో ముగ్గురు ఇంజినీర్లు, ఒకడు బ్యాంకు మేనేజరు, ఒకడు నేను.

మొదటి నాలుగైదు నెలలు లోటును గ్రూపులో అడిగి పూడ్చినాం. తర్వాత గ్రూపులో డబ్బుల మెసేజ్ పెడితే నీలం టిక్కులు పడతాయి గానీ ఎవడూ పలకడు. నేనూ రెండుసార్లు చూసి చూడనట్టు ఉన్నాను, దాచేదేముంది. ఊరికి ప్లాంటు పెట్టడానికి ఇరవై వేలు సంతోషంగా ఇచ్చినోడికి కాట్రిడ్జ్ కోసం రెండొందలు ఇయ్యాలంటే ఎక్కడలేని విసుగు. ప్లాంటుకు ఇస్తే ఫోటో ఉంటుంది, కాట్రిడ్జ్‌కు ఇస్తే ఏముంది, దానిమీద పేరు రాస్తారా?

ఇంగ ఆ ప్లాంటు ఎట్ల చచ్చిందో దగ్గరగా చెప్తా, ఎందుకంటే నా వాదన అంతా అందులోనే ఉంది. యాంటీస్కేలెంట్ అని ఒక మందు ఉంటుంది, చుక్క చుక్కగా నీళ్ళల్లో కలుస్తా ఉండాల, అది లేకపోతే ఉప్పు మెంబ్రేన్ మీద పొరగా కట్టి రంధ్రాలు మూసుకుంటాయి, మన చెంబు అడుగున తెల్లగా కడుతుందే, అదే. డబ్బుల్లేక ఆ మందు తెప్పించడం ఆపేసినాం. మెంబ్రేన్ మూసుకుంటే నీళ్ళు సన్నగా వస్తాయి, క్యాను నిండేదానికి గంట, బయట జనం తిడతారు. ఆపరేటర్ పిల్లోడు తెలివైనోడు, బోరు నీళ్ళ పైపు నుంచి మంచి నీళ్ళ పైపుకు బైపాస్ వాల్వు ఒకటుంటుంది, దాన్ని సగం తిప్పినాడు. క్యాన్లు జామ్మని నిండడం మొదలైంది. నీళ్ళల్లో కరిగిన ఉప్పులు ఎన్నో చూపించే టీడీఎస్ మీటర్ పెడితే 480. బోరుది 900, కాబట్టి సగానికి తగ్గింది, పైగా 500 లోపలే ఉంది, గోడ మీద అంటించిన కాగితంలో 500 లోపలుంటే మంచిదని రాసి ఉంది. వాడు తప్పు చేసినాడని నేను అనను, మేము వాడికి నేర్పిందే అంత.

దసరా సెలవులకు పోయినప్పుడు ఊరికే ఓ బాటిల్ పట్టుకొచ్చి ల్యాబ్‌లో చూసినాను. ఫ్లోరైడ్ 1.8.

టెస్ట్ ట్యూబ్ పట్టుకొని ఎంతసేపు నిలబడినానో తెలియదు. ఆ టెస్టు ఎట్లుంటుందంటే, నీళ్ళల్లో మందు వేస్తే ఎర్రగా ఉన్న రంగు ఫ్లోరైడ్ ఉండేకొద్దీ పసుపు వైపు తిరుగుతుంది. పసుపు వైపు తిరుగుతా ఉంది. నాలుగు నెలలుగా ఊర్లో బాలింతలు, చంటిపిల్లలు అందరూ మంచి నీళ్ళని నమ్మి, డబ్బులిచ్చి, ఇవే తాగినారు. అంతకుముందు బోరు నీళ్ళు చెడ్డవని తెలిసి తాగేవాళ్ళు, మేము వచ్చి ఆ భయం కూడా పోగొట్టినాం.

టీడీఎస్ మీటర్ గురించి ఒక మాట, ఇది వ్యాసానికి అడ్డమైనా సరే. అది నీళ్ళల్లో కరిగిన ఉప్పులన్నీ కలిపి ఒక అంచనా చెప్తుంది. ఫ్లోరైడ్ విడిగా చెప్పదు, బ్యాక్టీరియా అసలే చెప్పదు. మురిక్కాలువ నీళ్ళకు కూడా 400 చూపించొచ్చు. ఇంగ ఇండ్లకొచ్చి ఫిల్టర్లు అమ్మేవాళ్ళు రెండు గ్లాసుల్లో ఇనప కడ్డీలు పెట్టి స్విచ్చేస్తారే, కుళాయి నీళ్ళు తుప్పు రంగుకు తిరుగుతాయి, వాళ్ళ మిషన్ నీళ్ళు తెల్లగా ఉంటాయి, మా పిన్ని అది చూసి పద్దెనిమిది వేలు పెట్టి కొనింది. ఆ రంగు నీళ్ళల్లోది కాదు, కడ్డీలోని ఇనుము కరిగింది. ఉప్పులున్న నీళ్ళల్లో కరెంటు పారుతుంది, లేని నీళ్ళల్లో పారదు, అంతే సంగతి. లీటరుకు టీడీఎస్ 500 మిల్లీగ్రాముల లోపల ఉన్నచోట ఆర్ఓ అవసరమే లేదని, వాడొద్దని నిబంధన తెమ్మని 2019లో పర్యావరణ కేసులు చూసే నేషనల్ గ్రీన్ ట్రైబ్యునల్ చెప్పింది కూడా. నది నీళ్ళొచ్చే వీధిలో ఆర్ఓ పెట్టుకొని సగం కన్నా ఎక్కువ నీళ్ళు మోరీలోకి వదిలేవాళ్ళను చూస్తే నాకు మా ఊరి బోరింగు వరస గుర్తొస్తుంది.

ఆ వదిలేసే నీళ్ళ సంగతీ చెప్పాల. మెంబ్రేన్ ఫ్లోరైడ్‌ను మాయం చెయ్యదు, పక్కకు తోస్తుంది. అటు పోయే నీళ్ళల్లో ఫ్లోరైడ్ అసలు బోరుకన్నా ఎక్కువ ఉంటుంది. మా ప్లాంటు వెనకాల ఆ నీళ్ళు గుంతలో నిలబడితే బర్రెలు తాగేవి. దానికి ఇంకుడు గుంతో, మరుగుదొడ్లకు పైపో మా ఎస్టిమేట్‌లో లేనే లేదు.

ఆ తర్వాత మోటారు కాలింది, పిల్లోడు బెంగళూరులో డెలివరీ పనికి పోయినాడు, షెడ్డుకు తాళం పడింది. మొత్తం పద్నాలుగు నెలలు. ఊరికి ఆటోలో క్యాన్లు తెచ్చేవాడు రేటు పది నుంచి పదహైదు చేసినాడు. మా సేవ వల్ల చివరికి బాగుపడింది వాడొక్కడే.

కాబట్టి నేను చెప్పదలుచుకుంది ఇది: నీళ్ళ కోసం దానం చేస్తే మిషన్‌కు ఇయ్యొద్దు, మిషన్ నడిపేదానికి ఇయ్యండి. నెల నెలా, చిన్న మొత్తమైనా. వాల్వు తిప్పే మనిషి జీతానికి, మందుకి, టెస్టుకి. ఇది పెద్ద కొత్త సత్యమేం కాదు, మన పెద్దోళ్ళకు మనకన్నా బాగా తెలుసు.

బుక్కరాయసముద్రం చెరువు కట్ట మీద బస్సులో పోతా ఎన్నిసార్లు చూసినామో, విజయనగరం కాలం నాటి చెరువు, ఏండ్లు ఆరొందలు దాటినాయి. కడప జిల్లా పోరుమామిళ్ళలో చెరువు శాసనం ఉంది, 1369 నాటిది, బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించింది. అందులో మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలని, ఆరు దోషాలు ఉండకూడదని వరసగా రాసినారు, చవుడు నేల ఒక దోషం, కట్ట ఊట కారడం ఒక దోషం. ఆ పన్నెండు అంగాల్లో పని తెలిసిన మనుషుల జట్టు కూడా ఒకటి! అంటే రాయి, మట్టి, వాగు ఎట్లనో మనిషి కూడా చెరువులో భాగమే. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేండ్లు పట్టిందని కూడా రాసుకున్నారు, మా మాదిరి ఫ్లెక్సీ వేసి ఊరుకోలేదు. ఇంగ మన సీమలో దశబంధం ఇనాములని ఉండేవి, చెరువు కట్టినోళ్ళకో బాగుచేసినోళ్ళకో భూమి, ఆదాయంలో వాటా ఇచ్చేవాళ్ళు, ఆ చెరువును చూసుకుంటా ఉండాలనే కట్టుబాటుతో. ఊరికొక నీరుగంటి, తూము ఎప్పుడు తీయాల ఎప్పుడు వేయాల అనేది ఆయన పని, పంట ఇంటికొస్తే ఆయన మేర ఆయనకు కొలిచేవాళ్ళు. అప్పట్లో అంతా న్యాయంగా జరిగిందని నేను చెప్పట్లేదు, ఆ చెరువు నీళ్ళు ఎవరు ముట్టుకోవచ్చు ఎవరు ముట్టుకోకూడదు అనే కథ వేరే ఉంది. కానీ కట్టడం ఒక ఖర్చు, కాపాడడం ఇంకో ఖర్చు అనే తెలివి మాత్రం వాళ్ళకుంది.

అంతదూరం ఎందుకు, చలివేంద్రం చూడండి. టవర్ క్లాక్ దగ్గర, బస్టాండు దగ్గర ఏప్రిల్ రాగానే తాటాకు పందిళ్ళు వేస్తారు, కుండలు పెట్టి, తడిగుడ్డ చుట్టి, గ్లాసు గొలుసుకు కట్టి. మొదటి వారం ఓపెనింగ్ ఫోటోలు, మజ్జిగ. మే నెల మధ్యకొస్తే సగం కుండల్లో నీళ్ళుండవు, ఒక దాంట్లో ఎవడో గుట్కా ప్యాకెట్ పడేసి ఉంటాడు. ఏ చలివేంద్రం చివరిదాకా నడిచిందో చూస్తే అక్కడ కూలికి పెట్టుకున్న ఒక ముసలామె ఉంటుంది, పొద్దున్నే కుండలు కడిగి, మూత వేసి, గరిటెతో పోసేది. చలివేంద్రం అంటే ఆమెనే, పందిరి కాదు.

ప్రపంచంలో పెద్ద పెద్దోళ్ళు కూడా మా మాదిరే దెబ్బతిన్నారని తర్వాత చదివితే రోంత ఊరట అనిపించింది. ప్లేపంప్ అని ఒకటి వచ్చింది, ఆఫ్రికా ఊర్లల్లో పిల్లోళ్ళు రంగులరాట్నం తిప్పి ఆడుకుంటే కింద పంపు తిరిగి నీళ్ళు ట్యాంకుకెక్కేది. ఐడియా వింటే ఎవరికైనా జేబులో చెయ్యి పోతుంది. 2006లో అమెరికాలో 1 కోటి 64 లక్షల డాలర్లు ప్రకటించినారు, 2010 కల్లా 4,000 పంపులు పెడతామన్నారు. పిల్లోళ్ళు కాసేపు ఆడి పోతారు, ఆ తర్వాత ఆ చక్రాన్ని తిప్పాల్సింది ఆడవాళ్ళు, ముసలోళ్ళు. చెడిపోతే ఊర్లో బాగుచేసేవాడు లేడు. వాళ్ళు చెప్పినంత మందికి నీళ్ళు రావాలంటే పిల్లోళ్ళు రోజుకు 27 గంటలు ఆడాలని గార్డియన్ పత్రికలో 2009లో లెక్కేసి రాసినారు. దాని పక్కన మన దేశంలో తయారైన ఇండియా మార్క్ 2 చేతి పంపు చూడండి, మన ఊర్లల్లో బోరింగు అంటామే అదే, 1970ల్లో యూనిసెఫ్ సాయంతో తయారైంది, చూసేదానికి ఏమీ ఉండదు, ఇనప గొట్టం, ఇనప చెయ్యి. కానీ వాషర్ పోతే మండలంలో దొరుకుతుంది, స్పానర్లు పట్టుకొని సైకిల్ మీదొచ్చి బాగుచేసే మెకానిక్ ఉంటాడు. అందుకే లక్షల్లో పాతుకుపోయినాయి.

మన జిల్లాలో దానం వల్ల నిజంగా నీళ్ళొచ్చిన కథ లేదా అంటే ఉంది, అందరికీ తెలిసిందే. 1994 నవంబర్‌లో పుట్టపర్తిలో సత్యసాయిబాబా జిల్లాకు తాగునీళ్ళు ఇస్తామని ప్రకటించినారు, ఆ తర్వాత ఒకటి రెండేండ్లలోనే అప్పటి ఉమ్మడి జిల్లాలో 700కు పైగా ఊర్లకు పైపులు పోయినాయి, ఎల్ అండ్ టీ పని చేసింది, 1999 నవంబర్ 23న దాని మీద తపాలా బిళ్ళ కూడా వచ్చింది. బాబా మీద మీ నమ్మకం మీది, నేను నీళ్ళ గురించే మాట్లాడతా. అందులో నాకు నచ్చింది ఖర్చు పెద్దది కావడం కాదు. శానా ఊర్లకు బోరును నమ్ముకోకుండా చిత్రావతి, పెన్న అహోబిలం రిజర్వాయర్ల నీళ్ళు తెచ్చినారు, అంటే ఫ్లోరైడ్‌తో కుస్తీ పట్టకుండా దాన్ని తప్పుకున్నారు. తర్వాత నడిపే బాధ్యతకు ప్రభుత్వంతో కలిపి ఒక ఏర్పాటు చేసినారు. ఆపరేటర్లు, వాల్వుల దగ్గర మనుషులు, పంప్‌హౌస్ షిఫ్టులు, ఇవి లేకపోతే ఆ తపాలా బిళ్ళే మిగిలేది.

ఇంకోటి ఆర్డీటీ, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ. దాన్ని పెట్టిన స్పెయిన్ ఆయన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చినాడు, 2009లో ఇక్కడే పోయినాడు. చెక్‌డ్యాములు, ఇండ్లు, బడులు, బత్తలపల్లి ఆసుపత్రి, నేను చెప్పేదేముంది. బయట వాళ్ళకు అర్థం కానిది ఏందంటే ఆర్డీటీ బలం సిమెంట్లో లేదు, ఊర్లో మనిషి ఉండడంలో ఉంది, ఇరవై ఏండ్లు ముప్పై ఏండ్లు అదే పల్లెలకు తిరిగిన వర్కర్లు ఉన్నారు, ఎవరింట్లో ఎవరికి ఏ జబ్బో పేర్లతో సహా చెప్తారు. 2025లో దాని విదేశీ విరాళాల రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చిక్కుల్లో పడితే జనం ర్యాలీలు తీసినారు గుర్తుందా? అప్పుడు నాకు సిగ్గేసింది. ఏండ్ల తరబడి స్పెయిన్‌లో ఎవరో ముసలామె నెల నెలా పంపిన డబ్బులతో మన పల్లెలు నడిచినాయి, మనం మాత్రం ఓపెనింగ్‌కు ఒకసారి ఇరవై వేలిచ్చి ఫ్లెక్సీ వేయించుకున్నాం.

టెక్నాలజీకి వ్యతిరేకినని అనుకోవద్దు. ఫ్లోరైడ్ తీసేదానికి ఆర్ఓ ఒక్కటే కాదు, నల్గొండ టెక్నిక్ ఉంది, నాగ్‌పూర్‌లో ఉండే నీరి అనే పరిశోధన సంస్థ వాళ్ళు 1970ల్లో తయారు చేసినారు, పటిక, సున్నం కలిపి బాగా తిప్పి తేర్చడమే. యాక్టివేటెడ్ అల్యూమినా ఉంది, అంటే ఫ్లోరైడ్‌ను తనకు అంటించుకునే గుళికలు. అన్నీ పనిచేస్తాయి, ఎవరో ఒకరు రోజూ చేస్తే. పటిక కొలిచేవాడు ఒకరోజు పెండ్లికి పోతే ఆరోజు టెక్నిక్ లేదు. అల్యూమినాను మధ్య మధ్యలో కాస్టిక్ సోడాతో, యాసిడ్‌తో కడిగి మళ్ళీ తయారు చెయ్యాల, చెయ్యకపోతే అది ఉత్త ఇసుకే.

అన్నిటికన్నా చవకైన టెక్నాలజీ గురించి మా పిల్లలకు క్లాసులో చెప్తా, ఒక్కడు కూడా పేరు విని ఉండడు. నారికురుపు. మన పెద్దోళ్ళకు తెలుసు, కాల్లోంచి మూరెడు పురుగు బయటికొచ్చేది, పుల్లకు చుట్టుకుంటా రోజుకు రోంత లాగేవాళ్ళు. దిగుడు బావుల్లో జనం కాళ్ళు పెడితే పురుగు పిల్లలు నీళ్ళల్లో పడతాయి, వాటిని మింగిన సన్న నలుసంత జీవులు తాగే నీళ్ళతో మన కడుపులోకి పోతాయి. దీనికి మందు లేదు, టీకా లేదు. దిగుడు బావుల మెట్లు మూసి చేదబావులు చేసినారు, నీళ్ళు సన్నగుడ్డతో వడగట్టుకోమని ఇల్లిల్లూ తిరిగి చెప్పినారు, చెప్పిన మాటే మళ్ళీ మళ్ళీ చెప్పినారు. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఏడు రాష్ట్రాల్లో ఉండేది, 1996లో దేశంలో చివరి కేసు, 2000లో మన దేశంలో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్టిఫికెట్ ఇచ్చింది. ఒక గుడ్డ ముక్క, ఇల్లిల్లూ తిరిగే మనిషి.

క్లోరిన్ కూడా అట్లాంటిదే. మైఖేల్ క్రెమర్ అని 2019లో ఎకనామిక్స్ నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఒకాయన, ఇంకొంతమందితో కలిసి చాలా దేశాల పరిశోధనలు ఒకచోట చేర్చి చూస్తే నీళ్ళను శుద్ధి చేస్తే ఐదేండ్ల లోపు పిల్లల చావులు నాలుగో వంతు దాకా తగ్గుతాయని తేలింది. వాటిల్లో ఎక్కువ భాగం క్లోరినే, లక్షల మిషన్లు కాదు. మన ఓవర్‌హెడ్ ట్యాంకులో కలిపే బ్లీచింగ్ పౌడరే. కానీ ఆ బ్లీచింగ్ మూట మూతి తెరిచి పంచాయతీ ఆఫీసు మూల పడేస్తే కొన్ని వారాలకు దాంట్లో క్లోరిన్ ఉండదు, సున్నం మిగులుతుంది, వాటర్‌మ్యాన్ పాపం సున్నమే కలుపుతాడు. కుళాయి చివర లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మిగలాల, చుక్క మందేస్తే నీళ్ళు లేత పసుపైతే ఉన్నట్టు. ఆ చిన్న సీసా కొనిచ్చేదానికి ఎంత అవుతుందో తెలుసా, మా ఓపెనింగ్‌లో శాలువాల ఖర్చులో పదో వంతు కూడా కాదు.

ఇదంతా గవర్నమెంటు పని కదా, మనమెందుకు అంటారు. నిజమే, గవర్నమెంటు పనే. 2019 ఆగస్టు 15న జల్ జీవన్ మిషన్ ప్రకటించినారు, ప్రతి ఇంటికీ కుళాయి, మనిషికి రోజుకు 55 లీటర్లు, ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకు టెస్ట్ కిట్ మీద ట్రైనింగ్ అని కూడా ఉంది. చివరికి దారి అదే అని నేనూ నమ్ముతా, హంద్రీనీవా కాలువలో వచ్చే కృష్ణ నీళ్ళో, హెచ్చెల్సీ కాలువలో వచ్చే తుంగభద్ర నీళ్ళో శుద్ధి చేసి పైపులో రావాల, బోరు మీద ఆర్ఓ పెట్టడం ఊతకర్ర మాత్రమే. కానీ ఊతకర్ర కూడా విరిగిపోయింది మేము పెట్టినది. పైపు వచ్చేదాకా జేజి ఏం తాగాల? ఇంగోటి, పైపు వచ్చినా ఆ నీళ్ళు టెస్ట్ చేసి ఫలితం గోడ మీద రాయమని అడిగేవాళ్ళు ఊర్లో ఉండాల. గవర్నమెంటును వదిలేసి దానం చేస్తే అది సోమరితనం, దానంతో పాటు పంచాయతీని అడగడం కూడా జరగాల.

పేదోళ్ళ దగ్గర డబ్బులు తీసుకోవడం ఏంది అనేది ఇంకో మాట, ఇది మా గ్రూపులోనే పెద్ద గొడవ. నాకు దీని మీద పూర్తి తెగింపు లేదు. నీళ్ళు అమ్మడం మన పెద్దోళ్ళు పాపం అనుకున్నారు, ఆ మాట నాలోనూ ఉంది. కానీ రెండు రూపాయల ప్లాంటు మూతపడి పదహైదు రూపాయల ఆటో మిగలడం ఎవరికి పుణ్యం? ఐదు రూపాయలు పెట్టి, ఇయ్యలేనోళ్ళకు పేర్లు బయట పెట్టకుండా ఉచితంగా ఇచ్చి, ఆ ఉచితం ఖర్చు దాతలు మోస్తే సరిపోతుంది అని నా లెక్క. కాదనేవాళ్ళు ఇంకో లెక్క చూపించండి, వింటా.

ఎవరైనా సంస్థ నీళ్ళ కోసం చందా అడిగితే నేనిప్పుడు ఒకటే అడుగుతా, మీరు మూడేండ్ల కిందట పెట్టినవాటిలో ఈరోజు ఎన్ని నడుస్తాండాయి? ఎన్ని పెట్టినారో అందరూ చెప్తారు, బ్రోచర్ మొదటి పేజీలోనే ఉంటుంది. నడిచేవి ఎన్నో చెప్పినోళ్ళు నాకు ఇంతవరకు ఇద్దరే దొరికినారు, ఇద్దరూ చిన్న సంస్థలోళ్ళే, ఒకాయన "పదిలో నాలుగు ఆగిపోయినాయి సార్, ఫలానా కారణం" అని మొహమాటం లేకుండా చెప్పినాడు. ఆయనకే ఇచ్చినాను.

సంక్రాంతి అయినాక బుడ్డల మూటలు దింపించినాం. పదకొండు మందిలో ఏడుగురం మిగిలినాం, నెలకు ఏడొందలు ఒక్కొక్కరిది, ఆటోమేటిక్‌గా అకౌంటు నుంచి కట్ అయ్యేటట్టు పెట్టుకున్నాం, అడిగించుకునే పని లేకుండా. ఆ డబ్బులు రిపేర్లకు, ఉచిత క్యాన్లకు, బడికి. మెంబ్రేన్లు కొత్తవి వేసినాం. క్యాను ఐదు రూపాయలు, రోజుకు నూట పది పోతాయి, నెలకు పదహారు వేల ఐదొందలు, ఖర్చులు పన్నెండు వేలు పోను మిగిలింది మెంబ్రేన్ కోసం పక్కన పెడతాం. బైపాస్ వాల్వు పిడి ఊడదీసి నా బీరువాలో పెట్టుకున్నా. మోరీకి పోయే నీళ్ళు పైపు వేసి బడి మరుగుదొడ్లకు మళ్ళించినాం. ఆపరేటర్‌గా వరసకు నాకు వదిన అయ్యే ఆమెను పెట్టినాం, ఏడు వేల జీతం, టెన్త్ పాస్, ఫ్లోరైడ్ టెస్టు నేను రెండుసార్లు చూపిస్తే మూడోసారి ఆమె నాకు చూపించింది. నెలకోసారి చేసి బ్లాక్‌బోర్డు మీద రాస్తాది. పోయిన నెల 0.4. ఫ్లెక్సీ పీకేసినాం, దాంతో మా చిన్నాయన గడ్డివాము కప్పుకున్నాడు.

జేజి ఇంకా నమ్మలేదు. రోజూ క్యాను తెప్పించుకుంటుంది గానీ "ఎన్నాళ్ళో చూద్దాం లే" అంటాది.

నిన్న రాత్రి తొమ్మిదిన్నరకు వదిన ఫోన్ చేసింది.

"ఏమప్పా, ఆ యాంటీస్కేలెంట్ డబ్బాలో నాలుగు వేళ్ళంత మందే ఉండాది. బుధవారం బస్సుకు ఏసి పంపిస్తావా, నువ్వే తెస్తావా?"

"పంపిస్తా వదినా."

"పంపిస్తానని పోయినసారీ అంటివి," అనింది. "మర్చిపోతావేమో, నేను ఫోన్ పెట్టేయకముందే యాడన్నా రాసుకో."